పక్కటెముకలు కనిపించే కుక్క

అక్కడే ఆగండి. చెయ్యి చాపకండి, పిలవకండి. కుక్క మనల్ని ఎప్పుడో చూసేసింది. మొరగలేదు, తోక ఆడించలేదు. ఒక్కసారి మొహం ఇటు తిప్పి, మనం పట్టించుకోదగ్గవాళ్లం కాదని తేల్చుకుని, మళ్లీ చేను అవతలికి చూపు సారించింది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇది ముధోల్. మన బాసర పక్కనున్న నిర్మల్ జిల్లా ముధోల్ అనుకునేరు, అది వేరు. ఇది ఉత్తర కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో, ఘటప్రభ ఒడ్డున ఉన్న ఊరు. కన్నడ మహాకవి రన్నడు పుట్టిన చోటు, పాపం ఇప్పుడు కుక్కల పేరు చెబితేనే జనానికి గుర్తొస్తుంది. ఒక పక్క చెరకు, ఇంకో పక్క కోసేసిన జొన్నచేను. కొయ్యకాళ్ల మీద మంచు. నదివైపు నుంచి గాలి కొడుతోంది.

కుక్కగలాయన గొలుసు వదులుగా పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఆయన కన్నడం, నా తెలుగు, మధ్యలో వచ్చీరాని హిందీ. నేను అజ్జా అంటున్నాను, ఆయన తమ్మా అంటున్నాడు. మొదటి ప్రశ్నే తెలివితక్కువగా అడిగాను.

"తిండి సరిగ్గా పెట్టడం లేదా అజ్జా?"

ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకుని కుక్క డొక్క మీద పెట్టాడు. చర్మం కింద చివరి పక్కటెముకలు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోవచ్చు. వాటి వెనకే తొడ కండ రాయిలా తగిలింది. "ఇది బలిసిందంటే కుందేలు నవ్వుకుంటుంది తమ్మా" అన్నాడు.

మీరూ చూడండి, కంటితో చాలు. ఎండుజొన్న చొప్ప రంగు ఆడకుక్క. రొమ్ము మోచేతి కీలు దాకా లోతుగా దిగింది, కానీ వెడల్పు లేదు, పడవ అడుగులా ఉంది. గుండెకీ ఊపిరితిత్తులకీ అక్కడే చోటు. అక్కణ్ణుంచి కడుపు ఒక్కసారిగా పైకి లేచిపోయింది. అందుకు కారణం కాసేపట్లో పరుగులో కనిపిస్తుంది. నడుం మీద రెండు పిర్ర ఎముకలూ పొడుచుకొచ్చి, వాటి మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. తల సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్లు కొంచెం పక్కలకి ఉండటంతో మెడ తిప్పకుండానే చాలా మేర కనబడుతుంది. పాదం చూస్తే మధ్య రెండు వేళ్లూ మిగతావాటికన్నా పొడుగు, అచ్చం కుందేలు పాదమే. ఒంటి మీద బొచ్చు లేనట్టే, కొవ్వూ లేదు. అందుకే ఈ చలికి వెనక కాళ్లు సన్నగా వణుకుతున్నాయి. రాత్రి గోనెసంచి పరవకపోతే పడుకోదట. ఈ ఒళ్లున్న కుక్కకి ఆపరేషన్ అంటే పశువైద్యులు కూడా ఆచితూచి మత్తు ఇస్తారు. కొన్ని రకాల మత్తుమందులు వీటికి తొందరగా దిగవు.

వేటలో కుక్కలవి రెండు దారులు. కొన్ని ముక్కు నేలకి ఆనించి వాసన పట్టుకుపోతాయి. ఇది చూపుతో వేటాడే జాతి. కనబడాలి, కదలాలి, అంతే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలు మీదకి వదలడం ఇప్పుడు నేరం. అందుకని అజ్జ మనవడు మోటార్‌సైకిల్ వెనక తాడు కట్టి, దాని చివర గుడ్డముక్క ముడేశాడు. బండి కదిలింది. గుడ్డ ఎగిరింది. గొలుసు ఎప్పుడు వదిలారో నేను చూడలేదు.

నేల మీద మెత్తని దబదబ తప్ప చప్పుడే లేదు. ఒంటిని విల్లులా సాగదీసినప్పుడు నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నాయి. తిరిగి ముడుచుకున్నప్పుడూ గాల్లోనే! ఒక్క అంగలో రెండుసార్లు నేల విడుస్తుంది. ముడుచుకున్నప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లను దాటి ముందుకొస్తాయి. కడుపు అలా పైకి ఎక్కకపోతే వాటికి చోటేదీ? బండి చెరకు మొదట్లో గిరుక్కున తిరిగింది. కుక్క తోకను చుక్కానిలా ఒక పక్కకి విసిరి, తూలకుండా మలుపు తిరిగి, గుడ్డ పట్టేసింది. నిమిషం కూడా పట్టలేదు. ఇది గంటలు గంటలు తరిమే కుక్క కాదు.

తిరిగొచ్చాక నాలుక వేలాడేసుకుని నా మోకాలు వాసన చూసింది. తల నిమరబోతే మర్యాదగా పక్కకి జరిగింది. దీన్ని పొగరు అంటారు పట్నం వాళ్లు. నాకైతే ఆ దూరమే దాని అందమనిపించింది. ఇంటివాళ్లకి ప్రాణం పెడుతుంది, పరాయి చెయ్యి పడనివ్వదు. కోడి పరిగెత్తిందా, ఎవరు పిలిచినా చెవికెక్కదు. కొట్టి నేర్పుదామంటే కుదరదు. "ఒక్క దెబ్బ కొట్టు, నెల్లాళ్లు నీ మొహం చూడదు" అన్నాడు అజ్జ. మన కోస్తా జోనంగి వేటకుక్కే అయినా బాతుల మందని కాస్తుంది. దీన్ని ఇంకో పనికి ఒప్పించడం కష్టం.

పేరు మాత్రం పెద్దది. ఈ సంస్థానం ఏలిన ఘోర్పడే రాజు ఒక జతని ఐదో జార్జికి కానుకిచ్చాడని, ముధోల్ పేరు అలా స్థిరపడిందని ఇక్కడ చెప్పుకుంటారు. కెన్నెల్ క్లబ్ పుస్తకాల్లో మాత్రం కారవాన్ హౌండ్. 2005లో తపాలా బిళ్ల మీదకెక్కింది. 2016లో ఇక్కడి కుక్కపిల్లలు మీరట్‌లోని సైనిక శిక్షణ కేంద్రానికి వెళ్లాయి. పక్కనే తిమ్మాపూర్‌లో వీటి కోసం పశువైద్య విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఉంది. 2020లో ప్రధాని రేడియోలో ప్రస్తావించాక కొనేవాళ్లు పెరిగారు. వచ్చినవాళ్లంతా ముందు ఎత్తే అడుగుతారని అజ్జ బాధ. మూపు దగ్గర 70 సెంటీమీటర్లు ఉందా లేదా, అదొక్కటే లెక్క.

ఎండెక్కింది. పాకలో తల్లి పక్కన నాలుగు పిల్లలు. ఒకదాన్ని ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. వెచ్చగా, పెద్ద పాదాలతో, తేలిగ్గా ఉంది. ధర అడిగాను.

ధర చెప్పలేదు. "మీ ఇల్లు ఎన్నో అంతస్తు?" అన్నాడు.

"మూడు."

పిల్లని నా ఒళ్లోంచి తీసి తల్లి దగ్గర వదిలేశాడు.