చిన్న పట్టాల రైలుబండి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు అడిగితే నాకు తోచింది ఈ రైలు.

వికారాబాదు, తాండూరు వాళ్ళకు రైలు కొత్త కాదు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలుమార్గం 1874లోనే మన ఊళ్ళ మీదుగా పడింది. మొదటి నుంచీ బ్రాడ్ గేజే, అంటే పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అందులో సగమైనా లేని పట్టాల మీద రైలు నడుస్తుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. మా పెద్దమ్మాయిని 2001లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఇచ్చాక, మరుసటి సంవత్సరం కళ్ళారా చూశాను.

నౌపడా స్టేషనులో పెద్ద బండి దిగి ఆ చిన్న బండి ఎక్కాం. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లే. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి తమ ఊరిని ప్రధాన రైలుమార్గంతో కలపడానికి వేయించిన లైను ఇది. 1900లో ప్రారంభమైంది. ఇరుకు పట్టాలకు ఖర్చు తక్కువ, మలుపులు తిప్పడం తేలిక. తరువాత వంశధార లోయలో, కొండల పక్కగా 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్ళాయి. టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలాయి. రైలు మాత్రం రెండు వైపుల వాళ్ళనూ ఎక్కించుకుంటూనే ఉంది.

బండి నడక చూసి మా ఆవిడ, "ఏమండీ, దిగి నడుస్తే ముందే చేరతామేమో!" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. దిగేటప్పుడు మాత్రం, "మనవలు పుడితే వాళ్ళను ఇందులోనే తిప్పాలి" అంది.

అయితే ఇరుకు పట్టాలతో పెద్ద చిక్కుంది. సరుకంతా నౌపడాలో దించి, మళ్ళీ పెద్ద వ్యాగన్లకు ఎక్కించాలి. దూరపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళూ అక్కడ బండి మారాల్సిందే. అందుకే గేజి మార్పు కోసం 2004లో ఆ బండిని ఆపేశారు. పనులు ఏళ్ళ తరబడి సాగాయి. 2011లో గుణుపురం దాకా బ్రాడ్ గేజి రైలు నడిచింది.

మా ఆవిడ 2009లోనే వెళ్ళిపోయింది. 2012లో మనవరాలితో నేనొక్కణ్ణే ఆ దారిన వెళ్ళాను. బండి వేగంగా పోయింది, కూర్చోవడానికీ సుఖంగా ఉంది. ఆ ఊళ్ళవాళ్ళకు మేలే జరిగింది, కాదనను. డార్జిలింగు చిన్న రైలును ప్రపంచ వారసత్వంగా 1999లోనే గుర్తించారు. మన నౌపడా బండికి ఆ యోగం పట్టలేదు. "తాతయ్యా, చిన్న రైలు ఎలా ఉండేది?" అని పిల్ల అడిగింది. అమ్మమ్మ అన్న మాటతో సహా దారి పొడుగునా చెప్పాను.

మన సభ్యుల్లో ఆ బండి ఎక్కినవాళ్ళు, ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసినవాళ్ళు ఉంటే, నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపవలసిందిగా కోరుతున్నాను.