దరఖాస్తులో ముందే రాసి ఉన్న ఉద్యోగం

పుదుచ్చేరి నుంచి తూర్పు తీర రహదారి మీద చెన్నై వైపు వెళితే పిళ్ళైచావడి వస్తుంది. 1984లో ఏర్పడిన ఇంజనీరింగ్ కళాశాల, ఇప్పటి సాంకేతిక విశ్వవిద్యాలయం, అక్కడే ఉంది. అటువంటి చోట చదివే విద్యార్థిని ఉద్యోగావకాశాల గురించి అడిగితే ఎన్నో చెబుతాడు. ఆ గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే మనిషిని మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఈ పాఠంలో మనం అడుగుదాం.

తమిళనాట పారిశుద్ధ్య కార్మికుల మధ్య తెలుగు మాటలు మీరు వినే ఉంటారు. అరుంధతీయులలో చాలామంది ఇంటి భాష తెలుగే. చెన్నై వీధులు ఊడ్చేవారిలోనూ తెలుగువారు ఎందరో. వీరి పూర్వీకులను ప్రకటన ఇచ్చి, అర్హత చూసి ఎవరూ పనిలోకి తీసుకోలేదు. చూసింది కులాన్ని. తండ్రి చీపురు కొడుకు చేతికి వచ్చింది.

దీనికి నాకు తెలిసినంతలో ఒకే ఒక్క కాగితం చాలు. బెజవాడ విల్సన్ 1966లో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. భూమి లోపలి నుంచి బంగారం తీసే సాంకేతికత ఉన్న ఆ పట్టణంలో, భూమి మీద మలాన్ని మాత్రం మనుషులే చేతులతో ఎత్తేవారు. ఆయన తండ్రి, అన్న ఆ పనే చేశారు. చదువుకున్న విల్సన్ ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేసుకోబోతే, ఆయనను అడగకుండానే కోరుకునే పని దగ్గర 'పాకీ పని' అని రాశారు. గమనించండి, అది ఉద్యోగాలు ఇప్పించే కార్యాలయం! ఆయన తరువాత హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. 1986లో అధికారులకు లేఖలు రాయడం మొదలుపెట్టారు. 1990లలో ఎస్.ఆర్. శంకరన్ వంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించారు. 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది.

చట్టాలూ వచ్చాయి. 1993 చట్టం పాకీ పనిని నిషేధించింది. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లో మనిషిని దించడాన్నీ నేరం చేసింది. కాలువలో మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది.

మనిషి కాలువలో ఎందుకు చనిపోతాడు? కళాశాల ప్రయోగశాలలో కిప్ పరికరం దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసనకు మీరు ముక్కు మూసుకుని ఉంటారు. అదే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ అందని మురుగులో కొన్ని బాక్టీరియాలు సల్ఫేట్ల నుంచి దీనిని తయారుచేస్తాయి. దీని అణుభారం 34; గాలి సగటు 29. అందుకని అడుగునే నిలిచిపోతుంది. పది లక్షల భాగాల గాలిలో ఇది సుమారు నూరు భాగాలకు చేరితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది, గాలి బాగుపడింది అనుకున్నవాడు ఇంకో మెట్టు దిగుతాడు. 2024 జూన్ 11న పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయంలో మురుగు గొట్టాల్లోని విషవాయువు మరుగుదొడ్ల ద్వారా ఇళ్ళలోకి వచ్చింది. ముగ్గురు మరణించారు, వారిలో ఒకరు పదిహేనేళ్ళ బాలిక. వారెవరూ కాలువలోకి దిగినవారు కారు.

ఇక అవకాశాల సంగతి. నగరం పెరిగితే చెత్తా పెరుగుతుంది, పనివారూ కావాలి. పనికి కరువు లేదు, కరువంతా పర్మినెంటు ఉద్యోగానికే. మున్సిపాలిటీలు పనిని కాంట్రాక్టుకు ఇస్తున్నకొద్దీ, పింఛను, సెలవు, వైద్యం వంటివి చేజారాయి. 2025 ఆగస్టులో చెన్నై నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు కార్మికులు పదమూడు రోజులు కూర్చున్నది రెండు మండలాల పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించినందుకే. హైకోర్టు ఉత్తర్వు తరువాత ఆగస్టు 13 రాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తొలగించారు. తరతరాలుగా కులం అంటగట్టిన పనిలో చివరికి ఒక జీతం, ఒక భద్రత దొరికితే, అదీ పోతోందన్నది వారి బాధ. ఆ పని వదిలించాలనే విల్సన్ పోరాటానికీ, ఆ ఉద్యోగం నిలపాలనే వీరి పోరాటానికీ విరోధం ఉందని నేను అనుకోను.

మరో దారి హైదరాబాదులో కనిపిస్తుంది. 2017లో అక్కడి జలమండలి ఇరుకు వీధుల్లోకి వెళ్ళగల చిన్న జెట్టింగ్ యంత్రాలను పనిలో పెట్టింది. ఒత్తిడితో నీటిని చిమ్మి, పూడికను పగలగొట్టే యంత్రాలివి. దళిత పారిశ్రామికవేత్తలకు వాటి యాజమాన్యం దక్కింది. మనిషి మ్యాన్‌హోల్ బయటే నిలబడి పని చేయించవచ్చు. పిళ్ళైచావడిలో ఇంజనీరింగ్ చదివే మీరు ఇటువంటి యంత్రాన్ని గీయబోతే, ముందు దాన్ని నడపబోయే మనిషిని కలిసి మాట్లాడండి. ఏ వీధిలో గొట్టం ఎక్కడ వంగిందో మున్సిపల్ పటం కంటే అతనికే బాగా తెలుసు.