దసరా సెలవుల తర్వాత

మా కాలేజీ తెలుగు శాఖ పిల్లలు ఏటా దసరా ముందు ఒక గోడపత్రిక పెడతారు. పోయినేడు నా దగ్గరికొచ్చి "మేడమ్, ఈ రెండు నెలల్లో హైదరాబాదులో స్టూడెంట్స్ ఏమేం చెయ్యొచ్చో, ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చో ఒక పేజీ రాసివ్వండి" అని అడిగారు. సులువైన పనే అనుకున్నాను. బతుకమ్మ, కాలేజీల మధ్య వక్తృత్వ పోటీలు, ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు, అఫ్జల్‌గంజ్ లైబ్రరీ, రవీంద్రభారతిలో నాటకం, పాతబస్తీ కట్టడాల చుట్టూ ఒక నడక. పది నిమిషాల్లో జాబితా అయిపోయింది.

అయిపోయాక ఎందుకో కలం కింద పెట్టలేకపోయాను. నేను చదువుకునే రోజుల్లో సాయంత్రం ఆరుకి హాస్టల్ గేటు మూసేవాళ్ళు. ఆరు దాటాక జరిగేవన్నీ ఈ జాబితాలోంచి కొట్టేస్తే నాకు మిగిలింది ఎంత? అసలు ఈ నగరం శరత్కాలంలో ఏమిస్తుందన్న ప్రశ్నకి ముందు, ఎవరికిస్తుందన్న ప్రశ్న ఒకటి ఉంది కదా అనిపించింది. ఆ పేజీ పక్కన పెట్టి ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను డిగ్రీలో చేరడానికి నల్గొండ వైపు నుంచి నగరానికి వచ్చింది 1984లో. ఆ ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని పడగొట్టారు. సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యేదాకా రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ సెప్టెంబరులోనే నగరంలో మతకల్లోలాలు, కర్ఫ్యూ. నగరమంటే నాకు మొదట పరిచయమైంది మూసిన దుకాణాల వీధిగానే. హాస్టల్‌కి మాత్రం అదేం కొత్త కాదు, మాకు రోజూ ఆరింటికి కర్ఫ్యూనే. అబ్బాయిల హాస్టళ్ళకి ఆ సమయం వర్తించేది కాదు. కర్ఫ్యూ ఎత్తేశాక వాళ్ళు సెకండ్ షో సినిమాకి పోయిన కథలు మేం మర్నాడు క్లాసులో వినేవాళ్ళం.

అయినా ఆ శరత్తు మాకేమీ ఇవ్వలేదంటే అబద్ధం. తంగేడు, గునుగు ఊళ్ళో అయితే చెలకల్లోకి పోయి కోసుకొచ్చేవాళ్ళం. ఇక్కడ జాంబాగ్ పూల మార్కెట్‌లో కొనుక్కోవాల్సి రావడం మాకు పెద్ద వింత. హాస్టల్ వెనక ఖాళీ జాగాలో తలా రెండు రూపాయలు వేసుకుని బతుకమ్మ పేర్చాం. కోస్తా అమ్మాయిలు కొందరు గోడ మీద కూర్చుని చూశారు, ఒకరిద్దరు దిగొచ్చి చప్పట్లు కలిపారు. మా ఊళ్ళో ఏ వాడ బతుకమ్మ ఆ వాడదే. మాల మాదిగ వాడల ఆడవాళ్ళు మా వాకిట ఆడటం నేను చూడలేదు. ఒకే బతుకమ్మ చుట్టూ అన్ని కులాల అమ్మాయిలం తిరగడం నాకు ఆ హాస్టల్ వెనకే మొదటిసారి. 2014లో అది రాష్ట్ర పండుగయినప్పుడు స్టేడియంలో వేలమంది ఆడుతుంటే టీవీలో చూశాను. నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ ఖాళీ జాగా, ఆరు కాకముందే ముగించాలని మేం పడ్డ తొందర.

ఆ బతుకమ్మకి గుమ్మడి పువ్వు వెతికి తెచ్చింది నా రూమ్మేట్. కరీంనగర్ వైపు పిల్ల. లెక్కల్లో నాకంటే చురుకు. దసరా సెలవులకి ఊరెళ్తూ ట్రంకు పెట్టె మంచం కిందికి తోసి, "మల్లొస్తనే, జర నా పుస్తకాలు చూస్కో" అంది. ఆ ఏడు దసరా అక్టోబరు 4. సెలవులయ్యాయి, దీపావళి అయింది, నెలాఖరున ఇందిరా గాంధీ హత్యతో కాలేజీలు మళ్ళీ మూసి తెరిచాయి. ఆమె రాలేదు. కార్తీక మాసంలో పెళ్ళయిందని ఆమె అన్న వచ్చి పెట్టె తీసుకుపోతూ చెప్పాడు. అప్పటికి ఆమెకి పద్దెనిమిది నిండి కొద్ది నెలలు. మా క్లాసులో ఆ దసరా తర్వాత రాని అమ్మాయిలు ఇంకా ఇద్దరున్నారు. హాజరు పట్టీలో ఆ పేర్ల మీద ఎర్ర గీత పడింది. దీన్ని ఎవరూ విషాదమనలేదు, "మంచి సంబంధం కుదిరింది" అన్నారు.

ఈ నగరంలో ఆడపిల్లల చదువు చరిత్రని వెనక్కి తిరిగి చూస్తే, ఇచ్చిన చెయ్యి, వెనక్కి తీసుకున్న చెయ్యి రెండూ కనిపిస్తాయి. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదీ కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పరదాలో ఉండేది, ఆమె కోసం వెనక వైపు రంగమహల్ కట్టారు. ముందు వైపుకి వచ్చి ఆ భవనాన్ని తేరిపార చూసే వీలు ఆమెకి లేదు కనక, చూడటానికి తోటలో దాని చిన్న నమూనా చేయించి పెట్టాడని చెప్పుకుంటారు. ఈ కథని ప్రేమకథగా చెప్పేవాళ్ళే ఎక్కువ. నాకెప్పుడూ ఆ నమూనా దగ్గరే చూపు ఆగిపోతుంది. సొంత ఇంటిని బొమ్మలో చూసుకోవాల్సిన ఆడమనిషి! 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపేశారు, ఆమె మళ్ళీ వాళ్ళని చూడలేదు. అదే ఏడు అక్టోబరులో భర్త కలకత్తాలో చనిపోయాడు. 1813లో ఆమె పోయింది. రంగమహల్‌ని తర్వాతి కాలంలో కూల్చేశారు.

1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి వచ్చింది. రెసిడెంట్లు దర్బారు చేసిన హాల్లో అమ్మాయిలు నోట్సు రాసుకున్నారు. నేను అక్కడ చదవలేదు. 1985 శరత్తులో వక్తృత్వ పోటీ కోసం వెళ్ళాను. రాతి సింహాల మధ్య మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికాయి. బహుమతి రాలేదు. ఆ ముందు మెట్లు అంతమంది ఆడపిల్లలు నవ్వుకుంటూ ఎక్కడం చూడటమే నాకు చాలనిపించింది.

1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెట్టినప్పుడు పై చదువులకి దారి లేకపోయింది. ఉస్మానియాలో చదువు ఉర్దూలో. తెలుగులో చదివిన పిల్లల పరీక్షల కోసం పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పాఠశాలని అనుబంధం చేశారు. తన భాషలో చదువుకున్నందుకు హైదరాబాదు ఆడపిల్ల అంత దూరపు విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం నాటికి, 1974లో, ఉస్మానియా విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ పెట్టి వరకట్నం మీద, బస్సుల్లో వేధింపుల మీద, అసభ్య పోస్టర్ల మీద వీధిలోకి వచ్చారు. చదువుకోనిస్తే చాలు అన్న దశ నుంచి వీధి కూడా మాదే అన్న దశకి రావడం అది. మరుసటి ఏడు ఎమర్జెన్సీ ఆ గొంతు నొక్కింది. నేను వచ్చేనాటికి ఆ పేరు సీనియర్ల నోట కథలా వినబడేది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 1985 సెప్టెంబరు 5. ఆ తేదీ నుంచి వర్తించేటట్టు ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసింది, అది 1986లో చట్టమయింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. మేం గర్వపడాల్సిన చట్టమే. కానీ అందులో ఒక షరతు ఉంది: చట్టం అమల్లోకి వచ్చే తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఇది వర్తించదు.

లెక్కేశాను. నా రూమ్మేట్ పెళ్ళి 1984 కార్తీకంలో. పది నెలల తేడా. ఆ దసరాకి ఆమె తిరిగొచ్చి మంచం కింద పెట్టె తెరుచుకుని ఉంటే, ఇంకొక్క ఏడాది చదివి ఉంటే, తండ్రి పొలంలో ఆమెకీ ఒక వాటా ఉండేది. పెళ్ళి పేరుతో చదువు పోయింది, అదే పెళ్ళి పేరుతో భూమీ పోయింది. ఒకదాన్ని ఇంట్లోవాళ్ళు తీసుకుంటే రెండోది చట్టం తీసుకుంది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి పెళ్ళయిన కూతురు, కాని కూతురు అన్న తేడా తీసేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలని తిరగదోడలేదు. భూమి లేని ఇళ్ళ ఆడపిల్లలకి, ఈ చట్టం పరిధిలోకే రాని ముస్లిం, క్రైస్తవ స్నేహితురాళ్ళకి ఈ తేదీలన్నీ ఎటూ పరాయివే. అది వేరే వ్యాసం.

చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఫోన్ నంబరు దొరికింది. మొదటి పది నిమిషాలు మోకాళ్ళ నొప్పులు, మనవలు. తర్వాత నేనే అడిగాను. "తొంభై ఆర్ల పంచుకున్నరే అన్నదమ్ములు. నా సంతకం సుత అవసరం పడలే" అంది. ఆ మాటలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కాసేపాగి "నీదో?" అంది.

నాకు 1985 నాటికి పెళ్ళి కాలేదు. చట్టం నా వైపే ఉంది. మా నాన్న పోయాక అన్నయ్య హక్కు విడుదల దస్తావేజు తెచ్చి ముందు పెట్టాడు. పక్కన అమ్మ కూర్చుని ఉంది. నేను స్త్రీల హక్కుల మీద వ్యాసాలు రాస్తున్న రోజులవి. సంతకం పెట్టాను. పుట్టింటి గుమ్మం, దసరాకి ఒక చీర, అన్నయ్య పిలుపు, వీటన్నిటికీ అది ధర అని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. "నాది అవసరం పడింది, పెట్టాను" అన్నాను. ఫోన్‌లో ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకి ఏం పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

కోఠీ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో కౌలు పొలం కోసం, పండించిన గింజల కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించిన మనిషి ఆమె. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె మాటలు చదివినప్పుడు నేను డిగ్రీ చివరి ఏడు. నేలని వదలనన్న మనిషి పేరున్న చోట మన పిల్లలు చదువుకోబోతున్నారు. నేను వదిలేసినదాన్ని వాళ్ళు వదలరని ఆశపడటానికి నాకు అర్హత ఉందో లేదో గానీ, ఆశపడుతున్నాను.

గోడపత్రికకి పేజీ మళ్ళీ రాశాను. లైబ్రరీలు ఎన్నింటికి మూస్తారో, ఏ కార్యక్రమం నుంచి ఆఖరి బస్సు ఎప్పుడో చేర్చాను. పోటీలకి ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు కూడా పేరివ్వమని రాశాను. జాబితాలో అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో, దసరా సెలవుల తర్వాత కాలేజీ తెరిచే తేదీ వేశాను. ఎర్ర గీత ఒకప్పుడు పేర్ల మీద పడేది, ఈసారి తేదీ కింద గీశాను.

"ఇదెందుకు మేడమ్, అందరికీ తెలిసిందే కదా" అంది పత్రిక అంటిస్తున్న అమ్మాయి.

"ఉండనీ" అన్నాను. "నువ్వెప్పుడొస్తున్నావు ఊరినుంచి?"