రైట్ బ్రదర్స్ కంటే 32 ఏళ్లు ముందే ఎగిరిన రబ్బరు విమానం

ఇవాళ ఎపిసోడ్ రెండు నంబర్లతో మొదలుపెడదాం.

మొదటిది మనందరికీ తెలిసిందే. 1903 డిసెంబర్ 17, అమెరికాలో కిట్టీ హాక్. ఆర్విల్ రైట్ నడిపిన విమానం 12 సెకన్లు గాల్లో ఉంది. వెళ్లిన దూరం 36 మీటర్లు చిల్లర. స్కూల్ పుస్తకంలో చదివాం, ఒక మార్కు బిట్ కూడా రాశాం.

రెండోది చాలామంది విని ఉండరు. 1871 ఆగస్టు 18, పారిస్‌లో ట్విలరీ తోట. అల్ఫోన్స్ పెనో అనే 21 ఏళ్ల కుర్రాడు కొంతమంది పెద్దమనుషుల ముందు ఒక చిన్న విమానాన్ని వదిలాడు. అది 11 సెకన్లు ఎగిరింది. 40 మీటర్లకు తగ్గకుండా వెళ్లింది. ఇంజిన్ లేదు, నడిపే మనిషి లేడు. మెలి తిప్పిన రబ్బరు ఒక్కటే ఉంది.

రెండూ సమానమని నేను అనట్లేదు. ఒకటి మనిషిని మోసింది. ఇంకోటి బరువు మొత్తం కలిపి 16 గ్రాములు, అంటే మూడు నాలుగు ఏ4 కాగితాలంత. కానీ వరస చూడండి. విమానం వచ్చాక దాన్ని చూసి పిల్లలకు బొమ్మ చేశారని మనం అనుకుంటాం. జరిగింది తిరగేసి. ముందు బొమ్మ ఎగిరింది, ఆ తర్వాతే విమానం వచ్చింది.

పెనో ఏం కనిపెట్టాడు?

పెనో వాళ్ల నాన్న నౌకాదళంలో అడ్మిరల్. కొడుకు కూడా అదే దారిలో వెళ్లాలి. కానీ తుంటి ఎముక జబ్బు వల్ల కుదరలేదు. సముద్రం ఎలాగూ లేదు కాబట్టి గాలి మీద పడ్డాడు.

అప్పట్లో ఎగరాలనుకున్న వాళ్లందరికీ ఒకటే తలనొప్పి: శక్తి. ఆవిరి ఇంజిన్ పెడితే దాని బరువుకే లేవదు. అయితే 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. దాంతో ఎండకు అంటుకుపోని, చలికి పెళుసెక్కని రబ్బరు దొరకడం మొదలైంది. పెనో దాన్ని సాగదీయకుండా మెలి తిప్పాడు. లావు సన్నం చూసుకుని, పొడవు సరిపెట్టుకుంటే మెలి నెమ్మదిగా విప్పుకుంటుంది. ప్రొపెల్లర్ సెకన్ల పాటు తిరుగుతూనే ఉంటుంది. కావాల్సిందల్లా ఒక పుల్ల, రెండు కొక్కేలు.

అసలు గొప్పతనం మాత్రం రబ్బరులో లేదు, తోకలో ఉంది.

దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం. పెనో తోకను రెక్కకు సమాంతరంగా పెట్టలేదు. తోక వెనక అంచు కాస్త పైకి ఉండేలా పెట్టాడు. అలా పెడితే గాలి తోకను కొద్దిగా కిందికి నొక్కుతుంది. ఇప్పుడు విమానం ముక్కు కిందికి వాలిందనుకోండి. స్పీడ్ పెరుగుతుంది, గాలి తోకను ఇంకా గట్టిగా నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. మరీ పైకి లేచిందా, స్పీడ్ తగ్గుతుంది, తోక మీద నొక్కుడు తగ్గుతుంది, ముక్కు దిగుతుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, విమానం తనను తానే సరిచేసుకుంటుంది. అలాగే రెక్క చివర్లను పైకి వంచాడు, పక్కకు ఒరిగినా మళ్లీ నిలబడటానికి. ఇంగ్లండ్‌లో జార్జ్ కేలీ ఈ ఆలోచనకు 1804లోనే ఒక గ్లైడర్ బొమ్మతో దగ్గరగా వచ్చాడు. కానీ సొంత శక్తితో, సొంత బ్యాలెన్స్‌తో ఎగిరే విమానాన్ని జనం ముందు చూపించింది పెనో.

మనం ఎక్కే ఎయిర్‌బస్‌లో కూడా రెక్క ముందు, తోక వెనక. లెక్క అదే.

మరి రైట్ బ్రదర్స్?

1878లో రైట్ బ్రదర్స్ వాళ్ల నాన్న మిల్టన్ రైట్ ఊరి నుంచి వస్తూ పిల్లలకు ఒక బొమ్మ తెచ్చాడు. కార్క్, వెదురు, కాగితంతో చేసిన చిన్న హెలికాప్టర్. రబ్బరు మెలి తిప్పి వదిలితే పైకి లేస్తుంది. అది పెనో డిజైన్ నుంచి వచ్చిందే. అప్పటికి విల్బర్‌కు 11, ఆర్విల్‌కు 7. దానికి వాళ్లు 'గబ్బిలం' అని పేరు పెట్టుకున్నారు. విరిగిపోతే సొంతంగా చేసుకున్నారు. తర్వాత పెద్దవి చేయబోయారు. సైజు పెరిగేకొద్దీ సరిగ్గా ఎగరలేదు.

ఎందుకో అప్పుడు వాళ్లకు అర్థం కాలేదు. పెద్దయ్యాక వాళ్లే రాశారు: కొలతలు రెండింతలు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. బీటెక్‌లో మనం బోర్డు మీద నుంచి నోట్స్‌లోకి ఎక్కించుకునే ఇలాంటి లెక్క, వాళ్లకు చిన్నప్పుడే చేతిలో పడింది.

ఇంకో పక్క శామ్యూల్ లాంగ్లీ. అమెరికాలో పేరున్న సైంటిస్ట్. ఆయన కూడా పెనో దారిలోనే పదుల సంఖ్యలో రబ్బరు విమానాలు చేశాడు. సెకన్లలో అయిపోయే ఎగురుడుతో కొలతలు తీయడం కష్టమని ఆవిరి ఇంజిన్‌కు మారాడు. 1896లో మనిషి లేని ఆయన ఆవిరి విమానం బాగానే ఎగిరింది.

పెనో సంగతి మాత్రం మనసు చివుక్కుమనిపిస్తుంది. 1876లో పాల్ గోషో అనే మెకానిక్‌తో కలిసి పెద్ద విమానానికి పేటెంట్ తీసుకున్నాడు. నీళ్ల మీద దిగగలదు, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, ఒకే కర్రతో నడపొచ్చు. ఇవన్నీ మామూలు విషయాలు కావడానికి లోకానికి ఇంకా ఐదారు దశాబ్దాలు పట్టింది. డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. ఆరోగ్యం బాగాలేదు. 1880 అక్టోబర్‌లో, 30 ఏళ్ల వయసులో, ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఇంకో 23 ఏళ్లకు మనిషి విమానంలో ఎగిరాడు.

బొమ్మ నుంచి పోటీకి

విమానాలు వచ్చేశాక రబ్బరు బొమ్మల పని అయిపోవాలి కదా? అవ్వలేదు. క్యాస్ట్రాల్ ఆయిల్ కంపెనీ పెట్టిన లార్డ్ వేక్‌ఫీల్డ్ 1928లో మోడల్ విమానాలకు ఒక అంతర్జాతీయ కప్ ఇచ్చాడు. ఇంతకీ క్యాస్ట్రాల్ అనే పేరు ఎక్కడిదో తెలుసా? ఆముదానికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు నుంచే. మన పాలమూరు చేలల్లో పండే ఆముదమే. ఆ కప్ పోటీకి వారసత్వంగా వచ్చిన విభాగం ఇప్పటికీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉంది, పేరు ఎఫ్‌1బి. విమానం కనీసం 200 గ్రాములు ఉండాలి, రబ్బరు 30 గ్రాములు దాటకూడదు.

గాలి ఊపు లేకుండా లోపల ఎగరేసే పోటీలు వేరే. వాటికి ఎత్తైన కప్పు కావాలి. అందుకే ఇంగ్లండ్‌లో పాత ఎయిర్‌షిప్ షెడ్లలో, రొమేనియాలో స్లానిక్ అనే ఊరి ఉప్పు గనిలో పోటీలు పెట్టారు. ఆ విమానాల బరువు గ్రాము చిల్లర. అరగంట దాకా గాల్లో ఉంటాయి.

ఇక స్టూడెంట్స్ విషయానికొస్తే, అమెరికాలో సైన్స్ ఒలింపియాడ్ ఉంది. అందులో రైట్ స్టఫ్ అనే ఈవెంట్ ఉండేది, ఈ మధ్య ఫ్లైట్ అన్నారు. నియమాలు ఏటా కొంచెం మారతాయి కానీ దాదాపుగా పది గ్రాముల లోపు విమానం, రెండు గ్రాముల లోపు రబ్బరు. ఎక్కువసేపు గాల్లో ఉన్నవాళ్లే విన్నర్స్. అక్కడ మీ అక్క పిల్లలో, బాబాయ్ పిల్లలో ఉంటే అడిగి చూడండి, స్కూల్ జిమ్‌లో ఇది ఎగరేసిన వాళ్లు ఉండొచ్చు.

రెండు గ్రాముల రబ్బరంటే ఎంత శక్తి? మంచి రబ్బరైతే గ్రాముకు సుమారు 12 జౌల్స్ దాస్తుంది. మొత్తం 24. మీ చేతిలో ఉన్న ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అనుకుంటే, అందులో ఒక్క శాతం ఛార్జ్ అంటే దాదాపు 690 జౌల్స్. అంటే ఫోన్ ఒక్క శాతం తగ్గేలోపు ఖర్చయ్యే శక్తితో ఆ రబ్బరుకు 28 సార్లు ఫుల్లుగా కీ ఇవ్వొచ్చు. ఆ కాస్త శక్తితో పిల్లలు రెండు మూడు నిమిషాలు ఎగరేస్తున్నారు.

ఎలా? పట్టికతో. ఈ పోటీలో ఫ్లైట్ లాగ్ కూడా ఇవ్వాలి. ఎన్ని చుట్లు తిప్పాం, రబ్బరు ఎంత పొడవు, ఎంతసేపు ఎగిరింది, ఏం మార్చాం. లాగ్ ఇవ్వకపోతే మార్కుల్లో కోత పడుతుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న అతి ముఖ్యమైన పాఠం కూడా ఇదే: ఒకేసారి రెండు మార్చకు, మార్చింది రాసిపెట్టు. అక్కడ అది పన్నెండేళ్ల పిల్లలకు పుల్లలు, కాగితంతో వచ్చేస్తోంది.

మరి మన దగ్గర?

కృష్ణానగర్ నుంచి బేగంపేట ఎయిర్‌పోర్ట్ నాలుగైదు కిలోమీటర్లే. నిజాం కాలంలోనే అక్కడ ఏరో క్లబ్ ఉండేది. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్ వెళ్లిపోయేదాకా, అమీర్‌పేట మేడల మీద నిలబడితే దిగే విమానాలు కనిపించేవి.

విమానాలు చేసి ఎగరేయడం నేర్పిన సంస్థ మనకూ ఉంది: ఎన్‌సీసీ. 1948లో ఎన్‌సీసీ, 1950 ఏప్రిల్ 1న దాని ఎయిర్ వింగ్ మొదలయ్యాయి. ఎయిర్ వింగ్ క్యాడెట్లకు ఏరోమోడలింగ్ ఒక పాఠం, ఆలిండియా వాయు సైనిక్ క్యాంప్‌లో ఒక పోటీ. కానీ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీలు ఎన్ని? మిగతా వాళ్లకు దొరికేది టెక్ ఫెస్ట్.

ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌కు గెస్ట్‌గా వెళ్లా. ఏరోమోడలింగ్ అని బోర్డు ఉంది. లోపలంతా డ్రోన్లు. బాగున్నాయి, తప్పేం లేదు. ఒక టీమ్‌ను అడిగా: "ఇందులో ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు తీసేస్తే ఏమవుద్ది తమ్ముడూ?" "పడిపోద్ది అన్నా." "ఎందుకు పడిపోద్ది?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బోర్డు కొనుక్కొచ్చారు, సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, ఎగిరింది. బ్యాలెన్స్ అనే పని బోర్డు చేసేస్తోంది కాబట్టి, దాని గురించి ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. ఆ కిట్ వేలల్లో ఉంటుంది కాబట్టి ఆ టీమ్‌లో చేరగలిగేది కూడా కొందరే.

రబ్బరు విమానం అలా దాచిపెట్టదు. ముక్కెత్తి ఆగి పడిపోతోందా? ముందు బరువు చాలట్లేదు. ముక్కుకు చిటికెడు మైనం పెట్టు. నేరుగా నేలకు దిగుతోందా? మైనం తగ్గించు, లేదా రెక్కను కాస్త ముందుకు జరుపు. ప్రతి తప్పు కళ్ల ముందే పడుతుంది, ప్రతి జవాబు చేతిలోనే ఉంటుంది.

దీనికి బాల్సా కర్రే కావాలని లేదు. పతంగుల వెదురు బద్ద, పల్చటి థర్మాకోల్, క్యారీబ్యాగ్ పొర చాలు. కృష్ణానగర్‌లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎంతమంది! థర్మాకోల్‌ను వేడి తీగతో పల్చగా కోయడం వాళ్లకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరు? గాలి లేని ఎత్తైన హాలు కావాలంటే పక్కనే యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. ఒక్క ఆదివారం ఉదయం అలాంటి హాలు దొరికితే వంద మంది గవర్నమెంట్ స్కూల్ పిల్లలకు ఒక పోటీ పెట్టొచ్చు. రూల్స్ మూడు: పది గ్రాముల లోపు విమానం, రెండు గ్రాముల లోపు రబ్బరు, ఒక నోట్‌బుక్.

మొదటి టార్గెట్ కూడా నేనే చెప్తా. పెనో 11 సెకన్లు. దాన్ని దాటిన పిల్లాడు ఎవరైనా, పిల్ల ఎవరైనా, వాళ్ల నోట్‌బుక్‌లో ఆ తేదీ రాసుకోవాలి. రైట్ బ్రదర్స్ 12 సెకన్లు ఆ తర్వాతి లైన్.

ఇవాల్టికి ఇంతే. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా రబ్బరు తిప్పుతూ ఉండండి.