డైరీ రాయని ఖైదీలు: ఎమర్జెన్సీ, జైలు, కులం

మా మాదిగవాడలో ఎమర్జెన్సీ గురించి అడిగితే రెండు మాటలు వస్తాయి. ఒకటి, ఇందిరమ్మ ఇంటిజాగాలు ఇచ్చిందని. రెండోది, మా చిన్నతాతను పోలీసులు పట్టుకుపోయినారని. రెండోమాట ఎవరూ గట్టిగా చెప్పరు. ఎందుకంటే ఆయన మీద పెట్టింది రాజకీయ కేసు కాదు, దొంగతనం కేసు.

1976లో చెనిక్కాయ పెరికే కాలంలో కూలి పెంచమని అడిగిన నలుగురిలో ఆయన ఒకడు. మూడోదినం భూస్వామి కళ్లంలో రెండు మూటలు పోయినాయని ఫిర్యాదు పడింది. సబ్‌జైలు. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించినాక పెద్దనాయకుల విడుదలలు మొదలైనాయి. మార్చి 21న ఎమర్జెన్సీయే పోయింది. చిన్నతాత మాత్రం మే నెలలో గాని ఇంటికి రాలేదు. జామీను నిలబడాలంటే భూమి ఉన్నోడు కావాల. మా ఊర్లో భూమి ఉన్నోడే కేసు పెట్టినోడు.

ఈయన రాజకీయ ఖైదీనా, కాదా? నేను పరిశోధనలోకి వచ్చినాక ఒక సెమినార్‌లో ఈ ప్రశ్న అడిగితే, "వ్యక్తిగత అనుభవాన్ని చరిత్రతో కలపొద్దు" అని ఒక పెద్దాయన చెప్పినారు. మరి ఎవరి అనుభవం చరిత్ర అయింది, ఎవరిది వ్యక్తిగతంగా మిగిలింది అన్నదే నేనడిగింది.

లెక్క ఉంది, లేకపోలేదు. ఎమర్జెన్సీ అత్యాచారాల మీద విచారించిన షా కమిషన్ చెప్పినదాని ప్రకారం దేశంలో మీసా కింద 34,988 మందిని, భారత రక్షణ చట్టం నిబంధనల కింద 75,818 మందిని పట్టుకున్నారు. మన రాష్ట్రం వంతు మీసా కింద 1,135, రక్షణ నిబంధనల కింద 451. వీళ్లకు కోర్టు దారి కూడా మూసేసినారు. అక్రమంగా నిర్బంధించినా హేబియస్ కార్పస్ వేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న తీర్పిచ్చింది. అయిదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. అయితే ఈ అంకెలు చట్టం పేరుతో కట్టిన అంకెలు. అదేకాలంలో దొంగతనం, గలాటా, అనుమానాస్పదంగా తిరగడం అనే పాతసెక్షన్ల కింద లోపలేసిన కూలోళ్లు ఏ లెక్కలోకి రారు. కూలి అడగడాన్ని నేరంగా రాయడానికి మీసా అక్కరలేదు, చెనిక్కాయ మూట చాలు.

రాజకీయం అని ఒప్పుకోకపోవడం పెద్దకేసుల్లోనూ జరిగింది. ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటంలోంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లది రాజకీయ నేరమని, ఉరి తగదని పౌరహక్కులవాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీసినారు.

హైదరాబాదు మాట అట్లుంచి, మా చిత్తూరు జిల్లా పడమటి పల్లెలకు దగ్గరి మహానగరం బెంగళూరు. అక్కడి సెంట్రల్ జైల్లో ఎమర్జెన్సీ ఖైదీగా ఉన్న స్నేహలతారెడ్డి ఆంధ్రదేశంలో క్రైస్తవంలోకి మారిన కుటుంబంలో 1932లో పుట్టింది. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరు పఠాభి భార్య. ఆయన తీసిన 'సంస్కార' (1970) సినిమాలో బ్రాహ్మణ అగ్రహారం వెలిగా చూసే చంద్రి వేషం వేసింది ఆమే. జార్జ్ ఫెర్నాండెజ్ స్నేహితురాలని 1976 మే నెలలో పట్టుకున్నారు. బరోడా డైనమైట్ కేసు ఛార్జిషీటులో ఆమె పేరు లేకపోయినా మీసా కింద ఉంచినారు. ఉబ్బసం జబ్బు మనిషి. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలితే, 20వ తేదీన చనిపోయింది. ఆమె జైలు డైరీ ఆ ఏడాదే అచ్చయింది. మామూలు ఆడఖైదీలను కొట్టడం మీద, వాళ్ల తిండి మీద ఆమె అధికారులతో పోట్లాడింది. ఆమె మీద నాకు గౌరవం తప్ప ఫిర్యాదు లేదు. కాని ఒక బ్యారక్‌లో అంతమంది ఆడవాళ్లుంటే, కాగితం, పెన్ను, చదివే స్నేహితులు ఒక్కరికే ఉన్నాయి. తక్కినవాళ్లు ఆ ఒక్కరి రాతలో మాత్రమే బతికి ఉన్నారు.

ఇది యాదృచ్ఛికం కాదు. 1929లో లాహోర్ జైల్లో రాజకీయ ఖైదీల హోదా కోసం జతిన్‌దాస్ 63 రోజులు నిరాహారదీక్ష చేసి చనిపోయినాక, తెల్లదొరలు 1930లో ఎ, బి, సి తరగతులు పెట్టినారు. 'రాజకీయ ఖైదీ' అన్నమాట ఒప్పుకోకుండా తప్పించుకున్న తీరు అది. ఎవడు ఏ తరగతి అనేది తేల్చేది ఉద్దేశం కాదు. సామాజిక హోదా, చదువు, బతుకులో అలవాటైన సుఖం. అంటే బయట ఎవడికి మంచముందో లోపల వానికే మంచం. పుస్తకం, ఉత్తరం, ఇంటిభోజనం దాన్నిబట్టే. మన స్వాతంత్ర్యోద్యమ జైలు సాహిత్యాన్ని చదివేటప్పుడు రాసినాయన ఏ తరగతిలో ఉన్నాడని ఒకసారి చూడండి.

తిరుపతిలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ వ్యక్తి సత్యాగ్రహంలో, తరువాత క్విట్ ఇండియాలో జైలుకు పోయినాడు. తరువాత లోక్‌సభ స్పీకరైనాడు. ఆయన పేరు మన ప్రాంతంలో అందరికీ తెలుసు. అంతగా తెలియనిది, 1949లో వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం విచారణ కమిటీకి ఆయనే అధ్యక్షుడని. ఎరుకలవాళ్ల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్తులని రాసి, పోలీసు దగ్గర హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే చీటీ అడిగిన చట్టమది. కమిటీ రద్దు చేయమన్నది, 1952 ఆగస్టు 31న రద్దయింది. ఇది చిన్నపని కాదు. అయితే అదే కమిటీ అలవాటు నేరస్తుల మీద వేరే చట్టం కావాలని కూడా చెప్పింది. మన రాష్ట్రంలో అట్లాంటిది 1962లో వచ్చింది. పుట్టుక అన్నమాట పోయింది, పోలీసు చూపు ఎరుకల గుడిసె మీదనే నిలబడింది. దేశం కోసం జైలుకు పోయినాయనకు తామ్రపత్రం కాలం వచ్చింది, తరాలుగా జైలంత బతుకు బతికినోళ్లకు 'మాజీ' అన్న విశేషణం వచ్చింది.

ఇక్కడ మనవాళ్ల జ్ఞాపకాన్ని కూడా దాచకూడదు. ఎమర్జెన్సీని మన వాడలన్నీ చీకటిరోజులుగా తలుచుకోవు. ఇరవైసూత్రాల కార్యక్రమంలో ఇంటిజాగాలు వచ్చినాయి. 1975 అక్టోబర్‌లో వెట్టి రద్దు ఆర్డినెన్స్, 1976లో చట్టం వచ్చినాయి. అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లోళ్లను విడిపించే మాట మొదటిసారి సర్కారు నోట విన్నారు. నోరు నొక్కిన చెయ్యే పట్టా ఇచ్చింది. ప్రజాస్వామ్యవాదులు రాసే చరిత్రలో ఈ రెండో సంగతి ఉండదు, కాంగ్రెసువాళ్ల చరిత్రలో మొదటిది ఉండదు.

చిన్నతాత చనిపోయే ముందు కొన్నేళ్లు నాతో మాట్లాడినాడు. జైల్లో ఎట్ల బతికినావు తాతా అంటే నవ్వినాడు. "బతికేదేముంది అబ్బోడా, బయట మాదిరే. రెండుపూటలా ఇంత సంగటైతే పడుతుండె." కొట్టినారా అంటే జవాబు లేదు. చాలాసేపటికి వేరేమాట చెప్పినాడు. పోయిన మొదటిదినం పేరు, ఊరు తరువాత కులం అడిగి రాసుకున్నారంట. తెల్లారి పాయఖానాలు కడిగే పని ఆయనకే చెప్పినారు. "మా ఇంట్లో ఎవురూ ఆ పని చెయ్యలే. సేద్యం పని, చెప్పులపని చేసినాం. ఆడ నేర్చుకున్నా." ఆరు నెలల్లో ఆయన మరిచిపోలేనిది ఇదే. దెబ్బల కంటే ఈ మాట చెప్పడానికే ఆయనకు ఎక్కువ కాలం పట్టింది.

2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, కులాన్నిబట్టి జైలుపనులు పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నది. రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో వంటకు ఫలానా కులం, పాకీపనికి ఫలానా కులం అని అప్పటిదాకా అచ్చులో ఉండింది. స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్లయినాక. ఆ తీర్పు చదివే నాటికి చిన్నతాత లేడు.

ఆయన కేసు చివరికి కొట్టేసినారో, రాజీ చేసినారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఉన్నది ఒకే కాగితం, ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టిన ఇంటిజాగా పట్టా. అది చిన్నవ్వ పేరు మీద ఉంది. జాగాలు రాసేవాళ్లు వాడకు వచ్చిననాడు ఇంటాయన సబ్‌జైల్లో ఉండినాడు.