అన్నానికి ధర కట్టిన చోట

మా కోనసీమలో పాలు అమ్మినా, కొబ్బరికాయలు అమ్మినా, ధాన్యం బస్తాలకెత్తి అమ్మినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. వండిన అన్నం అమ్మితే మాత్రం తప్పు పట్టేవారు. అన్నవిక్రయం పాపమని మా బామ్మ తెగేసి చెప్పేది. తాతయ్య దావా పని మీద రాజమండ్రి బయలుదేరితే రెండు పూటలకు సరిపడా చద్ది కట్టి ఇచ్చేది. ఇంత పట్టింపు ఉన్న గడ్డ మీదే, ఇవాళ భోజనమంటే రాష్ట్రమంతా పేరు తలుచుకునే కుటుంబ హోటళ్ళు పుట్టాయి. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోవాలని నాకు చాలాకాలంగా పట్టుదల.

నిజానికి తెలుగునాట అన్నం అమ్మడం చాలా పాతది. క్రీడాభిరామం అనే పాత వీధినాటకంలో ఓరుగల్లు వెళ్ళినవాళ్ళు ఒక రూక ఇచ్చి ఒకరింట భోంచేస్తారు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. దాదాపు 600 ఏళ్ళ కిందటి విస్తరి అది, గొప్పింటి భోజనానికి ఏమాత్రం తీసిపోదు. అయితే డబ్బు తీసుకుని వండిపెట్టే మనిషికి ఆ తర్వాతి కాలంలో మర్యాద దక్కలేదు. 1892లో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మకు సొంత పేరే లేదు. చేతిలో చీపురుతో గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చే ఆవిణ్ణి చూసి ప్రేక్షకులు ఈనాటికీ నవ్వుతారు. ఆవిడ బతుకు గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. భర్త పోయి, ఆస్తి లేని స్త్రీకి అప్పట్లో పరువుగా మిగిలిన దారి పొయ్యి ఒక్కటే. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మగారు భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపే పిల్లల్ని సాకారు. ఆ కుర్రాడే రాజమండ్రి వచ్చి చదువుకుని, ప్లీడరై, 1904లో అక్కడి మునిసిపల్ చైర్మన్ అయ్యాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. అంత చరిత్ర వెనక ఒక అమ్మ అమ్మిన అన్నం ఉంది.

మా డెల్టాలో ఈ వృత్తికి గిరాకీ తెచ్చింది నీళ్ళూ రైలూ. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు పొలాలకు నీళ్ళతో పాటు ఊళ్ళకు పడవలనూ తెచ్చాయి. వరి పండింది, వ్యాజ్యాలు పెరిగాయి, కోర్టులున్న రాజమండ్రికి రాకపోకలు పెరిగాయి. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరుచుకున్నాక మద్రాసు నుంచి కలకత్తా దాకా పోయేవాళ్ళందరికీ రాజమండ్రి మజిలీ అయింది. ఇంతమందికి ఎవరు పెడతారు? కాలేజీ కుర్రాళ్ళు వారాలు చేసుకునేవారు: సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకొకటి. బాటసారులకు సత్రాలుండేవి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉండేవారు. గోదావరి పాయ వైనతేయ దాటే జనానికి ఆ ఊరు దారి. వేళకాని వేళ తలుపు తట్టినా ఆవిడ పొయ్యి వెలిగించేవారనీ, కులం అడిగేవారు కాదనీ మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊరి కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు.

సీతమ్మగారి పేరు అంతలా నిలవడానికి మరో కారణం ఉందనిపిస్తుంది. కులం అడగని ఇల్లు అంత అరుదు. ఉచితంగా పెట్టే అన్నానికి బంతి ఉండేది, బంతికి కులం ఉండేది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఎవరు గుమ్మం దాటకూడదో ముందే తేలిపోయేది. తొలినాటి హోటళ్ళూ ఇదే పద్ధతిలో నడిచాయి, ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అని బోర్డులు కట్టుకుని. కులం పేరుతో హోటళ్ళలోకి ఎవర్నీ రాకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చి, అలా ఆపడాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్ మొదలైందీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. రెండింటికీ ఏ సంబంధమూ లేకపోయినా నా మనసులో అవి పక్కపక్కనే ఉంటాయి. ఎందుకంటే మా బామ్మ పాపమన్న ఆ ధరే మనుషుల్ని ఒక వరసలో కూర్చోబెట్టింది. పుణ్యానికి పెట్టినవాడు పక్కకు కూర్చోమనగలిగాడు. డబ్బిచ్చి కూర్చున్నవాణ్ణి లేపడం కష్టం. పాత పట్టింపులు ఒక్క ఏడాదిలో పోలేదు, కొన్ని ఊళ్ళలో చాలా ఏళ్ళు పట్టింది. అయినా దారి అటు నుంచే తెరుచుకుంది.

ఇక ఇంటి మర్యాదలో మంచిది ఏదో దాన్ని ఈ కుటుంబ హోటళ్ళు వదలలేదు. అది మారు వడ్డన. రాజమండ్రిలో నేను తరచూ వెళ్ళే ఒక చిన్న మెస్సు ఉంది. అరటాకు మీద నీళ్ళు చిలకరించుకునేలోపే ఉప్పు, పచ్చడి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందబచ్చలి వచ్చేస్తాయి. పప్పులో నెయ్యి వేసేది యజమానే. ఆయన కళ్ళు మన ముఖం మీద ఉండవు, ఆకు మీదే. కూర పెట్టినచోట ఆకు పచ్చగా కనపడగానే గరిటె వచ్చేస్తుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటెడు పడుతుంది. పులుసులో బెల్లం సరిపోయిందో లేదో లోపలున్న ఆయన భార్య రుచి చూసి చెబితేగాని బకెట్ బయటికి రాదు. పెళ్ళి బంతిలో మేనమామ తిరిగే తీరు ఇదే. ఖరీదైన హోటళ్ళలో ఏసీ, బల్లలు, వెండి పూత చెంచాలు చూశాను. భోజనం గొప్పదనం ఈ అడిగి పెట్టడంలో ఉందనే నా నమ్మకం. సుబ్బయ్యగారి హోటల్ బుట్ట భోజనం పేరుతో ఇంటికే పంపుతుంది. ఇంటిల్లిపాదికీ బాగానే ఉంటుంది కానీ, నా మాట వింటే వెళ్ళి ఆకు ముందు కూర్చోండి.

ఇటలీలో త్రత్తోరియాలని కుటుంబాలు నడిపే భోజనశాలలున్నాయి. వాటిలోనూ తల్లో నాయనమ్మో వంటింట్లో, కొడుకులూ కూతుళ్ళూ బల్లల దగ్గర ఉండే ఆనవాయితీ ఎక్కువ. మన దగ్గర ఇందులో ఒక అన్యాయం జరిగింది. ఈ వృత్తిని ఒంటరి ఆడవాళ్ళు నిందలు పడుతూ నిలబెట్టారు. దానికి పరువు వచ్చేసరికి బోర్డుల మీదికి మగవాళ్ళ పేర్లు ఎక్కాయి. సుబ్బమ్మగారి పేరు కొడుకు వల్ల మనకు తెలిసింది. కొడుకులు ముఖ్యమంత్రులు కాని పూటకూళ్ళమ్మలు రాజమండ్రిలో, కాకినాడలో, నరసాపురంలో ఎంతమంది ఉండేవారో, ఏ వీధిలో వండేవారో, పూటకు ఎంత తీసుకునేవారో ఎవరైనా రాసిపెట్టాలి. ఆ ఇళ్ళలో తిని చదువుకున్నవాళ్ళు కొందరు తొంభైలలో ఉన్నారు. అడగాలంటే ఈ ఒకటి రెండేళ్ళలోనే అడగాలి.