కర్మాగారం కూలింది, సరుకు మిగిలింది

యుద్ధకాలంలో జపాన్‌లోని కురె రైలుమార్గంలో వెళ్లేవాళ్లకు ఒక నియమం ఉండేది. తడనోఉమి అనే చిన్న రేవు ఊరు దగ్గర పడుతుండగా సముద్రం వైపు కిటికీ తలుపులు దించెయ్యాలి. దించకపోతే నీళ్ల అవతల, తీరానికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, పచ్చటి కొండదిబ్బ లాంటి దీవి కనబడుతుంది. దాని పేరు ఒకునోషిమా. కిటికీలు మూయించి ఊరుకోలేదు, ఆ రోజుల్లో అచ్చయిన పటాల్లోనూ దీవి ఉన్నచోటును ఖాళీగా వదిలేశారు. 1929 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం విషవాయువులు తయారుచేసింది అక్కడే.

ఈ దీవి హిరోషిమా ప్రిఫెక్చర్‌లోనిదే. అణుబాంబు పడిన నగరానికి తూర్పున ఉంది. హిరోషిమా పేరు చెబితే మనకు గుర్తొచ్చేది బాంబుకు బలైన ఊరు. అదే గడ్డ మీద చైనా ప్రజల కోసం విషం కాచిన బట్టీలు కూడా ఉన్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా తగలదు. జపాన్‌లోనూ చాలాకాలం తగల్లేదు.

విషవాయువులను యుద్ధంలో వాడకూడదన్న జెనీవా ఒప్పందం మీద జపాన్ 1925లో సంతకం పెట్టింది. పెట్టిందే గానీ, దాన్ని ఆమోదించింది 1970లో. ఈ నలభై అయిదేళ్ల సందులోనే ఒకునోషిమా కథంతా నడిచింది. టోక్యోకు దూరం, చుట్టూ నీళ్లు, ఏదన్నా జరిగినా బయటికి పొక్కదు, సైన్యం చూసుకున్న సౌకర్యాలివి. ఎదుటి ఒడ్డున ఉన్న ఊళ్లకు మాత్రం అది బతుకుతెరువు. చేపలూ సేద్యమూ తప్ప మరో ఆధారం లేనిచోట నెలజీతం వచ్చే సర్కారు కొలువు దొరకడం అంటే మాటలా? పదహారేళ్లలో దాదాపు 6,700 మంది ఆ దీవిలో పనిచేశారు. పద్నాలుగేళ్ల పిల్లల్ని కూడా పని నేర్పిస్తామంటూ చేర్చుకున్నారు. యుద్ధం ముదిరాక బడిపిల్లల్నీ తోలుకొచ్చారు. ఏం తయారవుతోందో ఇంట్లో కూడా చెప్పకూడదని ముందే మాట తీసుకునేవాళ్లు.

అక్కడ తయారైన వాటికి రంగుల పేర్లుండేవి. పసుపు అంటే మస్టర్డ్ గ్యాస్, లూయిసైట్. ఎరుపు అంటే ఆర్సెనిక్‌తో చేసిన, ఊపిరాడనివ్వక వాంతులు పుట్టించే పదార్థం. ఆకుపచ్చ అంటే బాష్పవాయువు. గోధుమ అంటే సైనైడ్. అన్నీ కలిపి 6 వేల టన్నులకు పైగా తయారైందని లెక్క. వీటిలో ఎక్కువ భాగాన్ని క్యూషూ దీవిలోని సోనె కర్మాగారానికి పంపి గుండ్లలోకి నింపేవారు.

గ్యాస్ అంటున్నాం గానీ మస్టర్డ్ మామూలు వేడిలో నూనెలాంటి ద్రవం. ఒంటిమీద పడితే వెంటనే మంట కూడా పుట్టదు. కొన్ని గంటలు గడిచాక చర్మం ఎర్రబడి బొబ్బలెక్కుతుంది, కళ్లు మూసుకుపోతాయి, గొంతూ ఊపిరితిత్తులూ పుండవుతాయి. చలికి ఇది గడ్డకడుతుంది. చైనా ఉత్తర ప్రాంతాల చలిలో పనికిరాదని దానికి లూయిసైట్ కలిపి, గడ్డకట్టకుండా చేశారు. కార్మికులకు రబ్బరు దుస్తులు, ముసుగులు, చేతితొడుగులు ఇచ్చారు. అయినా కుట్ల సందుల్లోంచి, మణికట్ల దగ్గర్నుంచి అది లోపలికి దూరేది. కొలువు వదిలాక కూడా దగ్గు వదల్లేదు. తర్వాతి దశాబ్దాల్లో వీళ్లలో శ్వాసకోశ క్యాన్సర్లు మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపించాయని వైద్యులు తేల్చారు.

ఇప్పుడు తడనోఉమి నుంచి పావుగంట పడవ ప్రయాణం. దీవి చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లు, తీరిగ్గా నడిచినా పూట పట్టదు. శిథిలాల్లో పెద్దది విద్యుత్ కేంద్రం. సముద్రం మీద వెళ్లేవాళ్లకు కనబడకుండా మట్టికట్ట చాటున కట్టారు, ఆ కట్టలోని చిన్న సొరంగం దాటితే ఎదురుగా నిలబడి ఉంటుంది. కాంక్రీటు గోడల మీద తీగలు పాకాయి. వరసగా ఎత్తైన కిటికీలు, ఒక్కదానికీ అద్దం లేదు. లోపల డీజిల్ జనరేటర్లు ఉండాల్సిన హాలు ఇప్పుడు బోసిగా ఉంది. ఒక దశలో ఈ హాలుకు ఇంకో పని దొరికింది. యుద్ధం చివర్లో అమెరికా మీదికి వదిలిన కాగితపు బెలూన్ బాంబుల్లో కొన్నిటిని బడిపిల్లలు ఈ దీవిలోనే అతికించారు. గాలి నింపి పరీక్షించింది అంత ఎత్తు కప్పు ఉన్న ఈ హాల్లోనే. గోడ మీద ఇంగ్లిష్‌లో ‘మ్యాగ్ 2’ అని రాసిన అక్షరాలు మాత్రం జపాన్ వాళ్లవి కావు. కొరియా యుద్ధంలో అమెరికన్లు దీన్ని మందుగుండు గోదాముగా వాడుకున్నప్పటివి. విషం కాచిన దీవి కొన్నేళ్లకే మరో సైన్యానికి పనికొచ్చింది.

చూడాల్సిన రెండోది నగఉర నిల్వగది. కొండను తొలిచినట్టుగా కట్టిన ఎత్తైన అరలు, వాటిలో ఒక్కోటి వంద టన్నులు పట్టే ట్యాంకులను మోసిన కాంక్రీటు దిమ్మెలు. ట్యాంకులు లేవు. గోడలు నల్లగా మాడిపోయి ఉంటాయి. యుద్ధం తర్వాత అంటుకుని ఉన్న విషాన్ని వదిలించడానికి నిప్పులు చిమ్మే యంత్రాలతో కాల్చిన మసి అది. కొండ మీద ఎర్ర ఇటుకల కమానులు ఇంతకంటే అందంగా ఉంటాయి, అందరూ ఫొటోలు దిగేదీ అక్కడే. అవి వేరు. రష్యా వస్తుందన్న భయంతో 1902 నాటికి కట్టిన కోటల తాలూకువి. యుద్ధంలో ఒక్క గుండూ పేల్చని కోటలవి.

కుందేళ్ల గురించి చెప్పకపోతే చదువరులు ఒప్పుకోరు. దీవి నిండా వందలాది కుందేళ్లు. పర్యాటకుల్లో అధికభాగం వచ్చేది వాటికి క్యారెట్లు పెట్టడానికే. కర్మాగారంలో పరీక్షలకు పెంచిన కుందేళ్ల సంతానమే ఇవని ఒక ప్రచారం ఉంది గానీ నమ్మదగింది కాదు. యుద్ధం ముగియగానే వాటిని చంపేశారన్నదే ఎక్కువగా చెప్పే మాట. 1971లో ఎదుటి ఊరి బడిపిల్లలు వదిలిన ఎనిమిదింటి నుంచి ఈ మంద పెరిగిందంటారు.

1963లో ఇక్కడ ప్రభుత్వ విడిది హోటల్ తెరిచారు. మ్యూజియం రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1988లో తెరిచిన ఆ చిన్న భవనానికి తొలి డైరెక్టరు మురకమి హత్సుఇచి. పద్నాలుగేళ్ల వయసులో ఈ కర్మాగారంలో పనికి చేరినవాడు. తాము బాధితులమని మాత్రమే కాదు, చైనా వాళ్లను బాధపెట్టినవాళ్లమని కూడా చెప్పుకున్న కొద్దిమందిలో ఆయనొకడు. నా మటుకు, ఆ దీవి మీద అన్నిటికంటే ధైర్యంగా నిలబడ్డది ఆ మాటే. చైనా వాళ్లు పడ్డ ఆ బాధకు ఒక్క ఉదాహరణ చాలు: 1942 మే నెలలో హెబెయ్ రాష్ట్రంలోని బెయ్‌తాన్ గ్రామంలో సొరంగాల్లో దాక్కున్న జనం మీదికి జపాన్ సైన్యం విషవాయువు వదిలింది. వందలమంది పోయారు.

ఇంతా జరిగి టోక్యో యుద్ధ నేరాల విచారణలో విషవాయువుల ప్రస్తావన అభియోగపత్రం దాటి ముందుకు వెళ్లలేదు. ఆధారాలు లేక కాదు. గెలిచినవాళ్ల దగ్గరా అవే నిల్వలున్నాయి మరి. మనకూ ఇందులో కొంత భాగముంది. 1930, 40లలో రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు భారత సైనికుల మీద మస్టర్డ్ పరీక్షలు జరిపారు. స్వతంత్ర భారతం కూడా తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ ఉందని 1997లో ఒప్పుకుంది, 2009 నాటికి మొత్తం నాశనం చేసింది.

ఒకునోషిమాలో మిగిలిన వేల టన్నులను 1946లో ఆక్రమణ సేనల పర్యవేక్షణలో వదిలించారు. కొంత కాల్చారు, కొంత పాతిపెట్టారు, చాలాభాగం షికొకు దీవికి దక్షిణాన సముద్రంలో ముంచారు. కానీ ఆర్సెనిక్ మూలకం కదా, కాల్చినా పాతినా అది అదే. 1990లలో పరీక్షిస్తే దీవి మట్టిలో అనుమతించిన స్థాయికి ఎన్నో రెట్లు బయటపడింది. హోటల్లో తాగే నీళ్లు ఇప్పటికీ ఒడ్డు నుంచి పడవలో వస్తాయి.

అసలు సరుకు మాత్రం చైనాలో ఉంది. ఓడిపోయి వెనక్కి మళ్లుతూ జపాన్ సైన్యం విషగుండ్లను నేలలో పాతి, నదుల్లో పడేసి వెళ్లింది. మూసిన పీపాలో మస్టర్డ్ ఏళ్లు గడిచినా చావదు. 2003 ఆగస్టులో చిచిహార్ నగరంలో నిర్మాణం కోసం నేల తవ్వుతుంటే అలాంటి పీపాలు బయటపడ్డాయి. ఒకరు చనిపోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. వీటన్నిటినీ వెలికితీసి నాశనం చేసే బాధ్యత రసాయన ఆయుధాల ఒప్పందం ప్రకారం జపాన్‌ది. అన్నిటికంటే పెద్ద నిల్వ జిలిన్ రాష్ట్రంలోని హర్బాలింగ్‌లో ఉంది, 3 లక్షలకు పైగా గుండ్లని అంచనా. అక్కడ నాశనం చేసే పని మొదలైందే 2014లో. తొలుత 2007 నాటికి ముగించాలనుకున్న గడువు 2012కు, ఆ తర్వాత 2022కు, చివరికి 2027కు జరిగింది.